జర్మనీ ఆడబిడ్డకు చొప్పదండి ఒడిబియ్యం

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు తిరిగి వచ్చానంటే మా కాలేజీలో తోటి పంతులమ్మలు మొహమొహాలు చూసుకున్నారు. "అక్కడ చూడ్డానికేముందండీ?" అన్నారు. చాలానే ఉందట. నేను మాత్రం పెద్దగా చూడలేదు. వెళ్ళినన్నాళ్ళూ ఒక జర్మన్ రచయిత్రి నోటి వంక చూడటం, ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని జనానికి తెలుగులో అప్పజెప్పటం, జనం అన్నదాన్ని తిరిగి ఆవిడకు ఒప్పజెప్పటం, ఇదే సరిపోయింది. అయినా ఒక ఊరు తెలియాలంటే అక్కడో చిక్కులో పడటాన్ని మించిన దారి లేదు. మీరు వెళ్ళకపోయినా ఫరవాలేదు. మీ తరఫున కూడా మేమే పడి వచ్చాం.

ఆవిడ పేరు ఇర్మా. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గడ్డివాములాంటి జుట్టు, మగవాళ్ళకు కూడా అందని అంగలు. వాళ్ళ దేశంలో ఆవిడ నవలలు రైల్వే స్టేషన్లలో సోడాల్లా అమ్ముడుపోతాయట. పత్రికా విలేఖరిగా మొదలుపెట్టి, లక్షల పుస్తకాలు అమ్మాక కూడా ఆ పని మానలేదు. ఒక బొమ్మల వారపత్రిక ఆవిడను మన దేశం మీద వ్యాసాలు రాయమని పంపింది. ఆవిడేమో తాజమహలు వద్దంది, ఎవరూ రాయని జిల్లాలు కావాలంది. తోడు ఎవరిని పంపాలా అని మా ప్రిన్సిపాలు ఆలోచించింది. డిసెంబరు సెలవుల్లో ఇంట్లో అడిగేవాళ్ళు లేనిదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను తోలేసింది. మాది గుంటూరు వైపు. హైదరాబాదులో ఇన్నేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా కాజీపేట దాటి ఎరగను.

రైలెక్కాక ఇర్మా అసలు సంగతి బయటపెట్టింది. వ్యాసాలు ఒక వంక మాత్రమే. సగం రాసిన నవల ఒకటి మధ్యలో నిలిచిపోయింది. అచ్చువేసేవాళ్ళు గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఇది పూర్తికాకపోతే తన పని అయిపోయినట్టే అని ఆవిడ భయం.

"మరి ఈ రైల్లో ఎందుకున్నారు?" అన్నాను.

"నేను ఎప్పుడూ ఇలాగే రాస్తాను. సగం కథను ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెబుతాను. తర్వాత వాళ్ళు ఏమడుగుతారో వింటాను. దాని జవాబే తర్వాతి అధ్యాయం. మా దేశంలో ఇప్పుడు నన్ను గుర్తుపట్టి అందరూ మర్యాదకు బాగుందంటున్నారు" అంది.

కథ ఇదీ. యుద్ధంలో కూలిపోయిన ఒక ఊళ్ళో అన్నా అనే ఆవిడకు రొట్టెలు కాల్చే బట్టి ఉంది. మొగుడు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎవరో దారినపోయేవాడు వచ్చి పనిలో చేరాడు, మంచివాడు, ఉండిపోతానన్నాడు. సరేనందామనుకునే వేళకు మొగుడు తిరిగొచ్చాడు. ఇద్దరూ గుమ్మం ముందు నిలబడ్డారు. అక్కడ ఆగిపోయింది కథ.

జమ్మికుంట

ఊరంతా పత్తి. బళ్ళలో పత్తి, గాలిలో పత్తి, టీలో పత్తి. మా వైపు మిరపయార్డులో నడిస్తే తుమ్ములొస్తాయి. ఇక్కడ నడిస్తే ముసలితనం వస్తుంది, బయటికొచ్చేసరికి నా తల నెరిసిపోయి ఉంది. ఇర్మా గడ్డిటోపీని ఒక ఎద్దు తీరిగ్గా నమిలేసింది. ఆవిడ కోప్పడలేదు. "ఇంతవరకూ నా వస్తువుల్లో దేన్నీ ఎవరూ ఇంత శ్రద్ధగా ఆస్వాదించలేదు" అంది.

మార్కెట్లో రైతుల పత్తి అమ్మిపెట్టే ఒక అడ్తిదారు దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని కథ చెప్పింది. నేను తెలుగు చేశాను. కొంచెం ఉప్పూకారం కూడా తగిలించాను, అది నా అలవాటు.

అడ్తిదారు తడుముకోలేదు. "ఇద్దర్ని పెట్టుకొమ్మను అమ్మా. బట్టి అన్నంక పొద్దుగాల ఒకడు, పొద్దుమీకి ఒకడు గావాలె."

పక్కనున్న బండివాడు ఒప్పుకోలేదు. "గా మొగడు ఇన్నేండ్లు ఏడ వోయిండో ముందుగాల అడగాలె. నేనైతే ఇంట్లకు రానియ్య."

ఇర్మా గబగబా రాసుకుంది కానీ మొహం వెలగలేదు.

కరీంనగర్

హోటల్లో పచ్చిపులుసు పోశారు. చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, పొయ్యి మొహం చూపించకుండా పోసేస్తారు. మా వైపు కోడలు చారు కాచకుండా ఇలా పోస్తే అత్తగారు ఆ పూటే పుట్టింటి బండి ఎక్కిస్తుంది. నేను మూడుసార్లు పోయించుకున్నాను. మరునాడు పొద్దున్నే సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపల అద్ది, వేలితో బొక్కలు పొడిచి కాల్చే రొట్టె అది. ఇర్మా ఆ బొక్కలను చాలాసేపు చూసింది.

"మా నాన్న కూడా రొట్టెలకు ఇలాగే వేలితో గుచ్చేవాడు" అంది.

అప్పుడు చెప్పింది తన సంగతి. హాంబర్గులో తండ్రికి రొట్టెల బట్టి ఉండేది. బాంబులకు కాలిపోయింది. యుద్ధం అయ్యాక ఒక చిన్న పత్రికలో తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు దిద్దే ఉద్యోగం దొరికింది. ఫలానా మనిషి, ఫలానా కోటు, చూసినవాళ్ళు కబురు చెయ్యండి. ఆ ప్రకటనల్లోంచే మొదటి నవల పుట్టింది. అది అమ్ముడుపోయింది. తర్వాతివీ పోయాయి. విమర్శకులు వంటింటి నవలలన్నారు, వాళ్ళ పెళ్ళాలు దిండు కింద దాచుకుని చదివారు. మొగుళ్ళు ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇదంతా నవ్వుతూనే చెప్పింది.

"ఇంకెవరూ లేరా మీకు?" అన్నాను.

"లేరు" అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

చొప్పదండి, సాలెల వాడ

బట్ట నేయటం చూస్తానంటే హోటలాయన తనకు తెలిసిన మల్లేశం ఇంటికి పంపాడు. చొప్పదండిలో పద్మశాలీల పెద్దమనిషి మల్లేశం. మాట తక్కువ. ఆ తక్కువంతా భార్య లచ్చవ్వ పూరిస్తుంది. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చోబోతే ఇర్మా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. జొన్నరొట్టె, ఎల్లిపాయకారం పెట్టారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఇంకో రొట్టె అడిగింది.

పొద్దువాలే వేళకు మగ్గాలు ఆగాయి. వాడంతా మల్లేశం ఇంటి అరుగు ముందు చేరింది. ఇర్మా నిలబడి కథ చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ చెప్పిన తీరు చూశాక ఆ లక్షల పుస్తకాలు ఎలా పోయాయో నాకు అర్థమైంది. మాట తెలియకపోయినా ఆడవాళ్ళు ఆవిడ చేతుల్ని చూసే ఊఁ కొట్టారు.

ఇద్దరు మగవాళ్ళూ గుమ్మం ముందుకొచ్చేసరికి లచ్చవ్వ అడ్డుపడింది. "గా బట్టి ఎవలిది? మొగనిదా, ఆమెదా?"

"ఆమె తండ్రిది" అంది ఇర్మా.

"ఇగ ఫికరేందమ్మా? ఇద్దర్నీ ఎల్లగొట్టుమను!"

వాడంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే మల్లేశం లోపలికెళ్ళి, తన మగ్గం మీద నేసిన ఎర్రంచు చీర తెచ్చి ఇర్మా చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళకద్దుకుంది. అలా చెయ్యాలని నేర్పింది నేనే. తర్వాత జరిగినదానికి ఆ చీరే కారణమని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

చుట్ట విప్పని పటం

తెల్లారి మేం టీ తాగుతుండగా ఒక మనిషి భుజం మీద పెద్ద బట్టచుట్టతో వచ్చాడు. వెనక భార్య. లచ్చవ్వ మొహం పాలిపోయింది. "మా పటం రాజయ్య. గీ వారమే వస్తడన్న సంగతే మరిచిపోయిన" అంది నాతో.

సాలెవాళ్ళకు మగ్గం పుట్టిన కథ తరతరాలుగా చెప్పే వంశంవాడు రాజయ్య. ఆ చుట్టలో కథంతా బొమ్మలుగా రాసి ఉంటుంది. ఏడాదికోసారి వచ్చి, పటం విప్పి, బొమ్మబొమ్మకూ పాట పాడతాడు. వాడవాళ్ళు అతనికి ధాన్యం ఇస్తారు, బట్ట పెడతారు. తాతలనాడు దాయాదులు ఊళ్ళు పంచుకున్నప్పుడు ఈ ఊరు వాళ్ళ ఇంటి వాటాకు వచ్చింది. ఇక్కడ వేరొకరు కథ చెప్పకూడదు. చెప్పినా, అలా చెప్పినవాళ్ళకు వాడ బట్ట పెట్టకూడదు. బట్ట పెడితే ఊరు చేయి మారినట్టే లెక్క.

రాజయ్య సంగతంతా విన్నాడు. పటాన్ని అరుగు మీద పెట్టాడు, విప్పలేదు. లచ్చవ్వ ఇచ్చిన నీళ్ళు ముట్టలేదు.

"గీ ఊరు పోతే మా పాలోళ్ళు మిగిలిన ఊర్లు గుంజుకుంటరు. రాజయ్య చెయ్యి జారిందంటరు. ఇగ నేనేం తిని బతుకుడు?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

విషయం చెబితే ఇర్మా హడలిపోయింది. చీర తెచ్చి మల్లేశానికి తిరిగి ఇచ్చెయ్యబోయింది. పెద్దమనిషి మొహం ఎర్రబడింది. "మా ఇంట్లకెల్లి పోయిన బట్ట మళ్ల రాదు. గది మాకు పరువు తక్కువ" అన్నాడు. వచ్చినప్పటినుంచీ ఆయన మాట్లాడిన పొడుగాటి మాట అదే.

రాజయ్య నావైపు తిరిగాడు. "గీమె ఏ కులపోళ్ళకు కథ చెప్పే మనిషి? ఎన్ని ఊర్లున్నయి?"

"ఒక కులమని లేదు. చదవొచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. దేశాలకు దేశాలు. లక్షలమంది" అన్నాను గొప్పగా.

రాజయ్య నోరు తెరిచాడు. "అందరికా? అంటే అందరి ఊర్లూ గుంజుకున్నదా?"

ఇర్మాకు తర్జుమా చేశాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "నా విమర్శకులు కూడా నన్ను ఇంత మాట అనలేదు" అంది.

మధ్యాహ్నం దాకా ఎవరూ కదలలేదు. మగ్గాలు ఆడలేదు. చివరికి లచ్చవ్వే లేచింది, కొంగు బిగించింది.

"ఓ రాజయ్యా! గీమె పరాయిది అయితేనే గదా లొల్లి? నీ ఇంటి ఆడబిడ్డ అయితే?"

"ఎట్లయితది?"

"ఒడిబియ్యం పొయ్యి. గా చీర మాకియ్యద్దు, నీ చేతుల పెడుతది. మా వాడ బట్ట నీ చేతికి వచ్చినట్టేనా? నువ్వు గదే చీర నీ చెల్లెకు ఒడిల పెడుతవు. చెల్లె చెప్పిన కథ నీ ఇంటి కథే. ఇగ ఎవని ఊరు ఎవడు గుంజుకున్నడు?"

మల్లేశం మెల్లగా తల ఊపాడు. రాజయ్య చాలాసేపు ఆలోచించి మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు.

మా వైపు ఈ ఒడిబియ్యం లేదు. ఇక్కడ ఆడపిల్ల పుట్టింటికి వస్తే ఊరికే పంపరు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, చీర ఒడిలో పోసి పంపుతారు. ఆవిడ ఆ బియ్యాన్ని తన ఇంటికి తీసుకెళ్ళి వండి, అయినవాళ్ళను పిలిచి పెట్టాలి.

పాటలో పట్టని మొగుడు

రాజయ్య ఒక షరతు పెట్టాడు. తన ఇంటి ఆడబిడ్డ అన్నాక, మరునాడు పటం విప్పే ముందు ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు వాడ ముందు పాడాలి. అందుకని ఆ సాయంత్రం ఇర్మా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బతుకంతా ఇతరులను ప్రశ్నలడిగిన విలేఖరి మొదటిసారి తడబడటం చూశాను. ఆ ముచ్చటకు నేను డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కునేదాన్ని.

"తండ్రి ఏం జేస్తుండె?"

"రొట్టెలు కాల్చేవాడు."

"మంచిది. పొయ్యి ఉన్న ఇల్లు. మొగడు?"

"ఇద్దరు."

రాజయ్య ఆలోచించాడు. "ఒక్కణ్ణే పెడుదాం. రెండోడు పాటల పట్టడు."

ఇర్మా ఒప్పుకోలేదు. "నేను పత్రికలో పనిచేసేదాన్ని. జరిగింది జరిగినట్టే రాయాలి!"

"నేను రాస్తలేనమ్మా. పాడుతున్న" అన్నాడు. "ఇగ, పుస్తకాల ముచ్చట."

ఆవిడ ఉత్సాహంగా నవలల పేర్లు చెప్పబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "గవన్నీ వద్దు. నీ కథ విని ఎవలన్న ఏడ్చిన్రా?"

"చాలామంది."

"గది పెడుత. అన్నదమ్ములు?"

ఇర్మా పెన్సిలు మొన గోటితో గీకుతూ కూర్చుంది. నేను ప్రశ్న సరిగ్గా అడగలేదేమోనని మళ్ళీ అడిగాను.

"కార్ల్" అంది చివరికి. "నాకంటే చిన్నవాడు. యుద్ధానికి పంపారు. చనిపోయాడని కబురు రాలేదు, ఉన్నాడనీ రాలేదు. ఆ ప్రకటనల ఉద్యోగంలో వాడికోసమే చేరాను. రోజూ అందరి ప్రకటనలూ దిద్దేదాన్ని, వాడి ప్రకటన మాత్రం వెయ్యలేకపోయాను. వేస్తే తప్పిపోయాడని ఒప్పుకున్నట్టే కదా. ఇన్ని నవలలు రాశాను, ఒక్కదాంట్లో కూడా వాణ్ణి రాయలేదు."

నాకు దుఃఖం వచ్చింది, దాచుకోలేదు. ఈసారి ఉప్పూకారం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. రాజయ్య తలవంచుకుని విన్నాడు.

"గది నేను పాడ" అన్నాడు. "గా జాగ గట్లనే ఉండని. వచ్చేదాక గా జాగల నేను నిలవడుత."

మళ్ళీ తనే అన్నాడు. "నిన్న చెప్పిన కథ లచ్చవ్వ నాకు చెప్పింది. గా ఆడిమనిషికి తోడబుట్టినోడు లేడా? ఇద్దరు మొగోళ్ళు గుమ్మం ముందట లొల్లి వెడుతుంటే, రావాల్సింది వాడు గదా?"

ఇర్మా చేతిలో పెన్సిలు కింద పెట్టేసింది. ఆ రోజుకు ఇంకేమీ రాసుకోలేదు.

ఒడి నిండింది

మరునాడు ఇర్మాకు లచ్చవ్వ పాత చీర కట్టాం. పిక్కల దగ్గర ఆగిపోయింది. నడవమంటే పాత అంగ వేసింది, కుచ్చిళ్ళు ఊడి వచ్చాయి. మళ్ళీ కట్టాం. వాడలో ఆడవాళ్ళకు నవ్వి నవ్వి పొట్టలు నొప్పెట్టాయి. ఇర్మా ఎర్రంచు చీరను రాజయ్య చేతిలో పెట్టింది. అతను భార్యకిచ్చాడు. ఆవిడ ఇర్మా కొంగు పట్టించి, పసుపుబియ్యం, కుడుకలు, వాటి మీద అదే చీర పెట్టింది. ఇంత బరువు ఉంటుందని ఇర్మా అనుకోలేదు. కొంగు ఒకవైపు జారి బియ్యం కాస్త ఒలికింది. ఆడవాళ్ళు గింజ వదలకుండా ఏరి మళ్ళీ పోశారు.

అప్పుడు రాజయ్య పటం విప్పాడు. ముందు చెల్లెలి పాట పాడాడు. ఏడు సముద్రాల అవతల బట్టి పొగ లేచే పట్నం, ఆ పట్నంలో పుట్టిన బిడ్డ కాగితానికి కథ చెబితే కాగితం లోకానికి చెప్పిందట. మొగుడు ఒక్కడే. తోడబుట్టినవాడి దగ్గరకు వచ్చేసరికి గొంతు ఆపి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "అన్న ఇల్లు చొప్పదండి" అని ముందుకు వెళ్ళిపోయాడు. అక్షరం అర్థం కాకపోయినా ఇర్మా వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత పటంలో మగ్గం పుట్టింది. వాడవాళ్ళు రాజయ్యకు ఎప్పటిలాగే బట్ట పెట్టారు.

ఆసిఫాబాద్

ఆసిఫాబాదులో చలి. ఇర్మా హాయిగా ఉందంటుంది, నేను ఉన్న రెండు చీరలూ కప్పుకున్నాను. టీ దుకాణంలో చుట్టూ మనుషులు కనబడగానే ఆవిడ నోరు తెరిచింది, వెంటనే మూసుకుంది.

"అడుగు. ఇది ఎవరి ఊరు?" అంది నాతో.

దుకాణం మూలన కింగ్రి వాయిద్యం పట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. పేరు జంగు. గోండుల ఇళ్ళకు వాళ్ళ వంశాల కథలు పాడే పర్ధాను. ఇర్మా వెళ్ళి, ఇక్కడ కథ చెప్పొచ్చా అని నాచేత అడిగించింది.

"గోండోళ్ళ ఇండ్లకు మేమే చెప్పాలె బాయీ. నీకు ఎన్ని ఊర్లున్నయి?"

లక్షల పుస్తకాలు అమ్ముకున్న ఇర్మా నిటారుగా నిలబడి, "చొప్పదండి. ఒక్క వాడ" అంది.

జంగు ఆవిడ వంక జాలిగా చూశాడు. "అరె బాప్రే! ఒక్క వాడనా? మరి ఎట్ల తింటవు బాయీ?" అని తన మూట విప్పి వేయించిన ఇప్పపువ్వు దోసిలి నిండా పోశాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన కింగ్రి వాయిస్తూ పాడాడు. ఇర్మా ఒక్క ముక్క రాసుకోకుండా, ఇప్పపువ్వు నములుతూ వింది.

ఇంటికి వచ్చాక

నవల పూర్తయిందని ఇర్మా కబురు చేసింది. గుమ్మం ముందు ఇద్దరు మగవాళ్ళుండగా, కథలో ఆ బట్టి ఆవిడకు తోడబుట్టిన తమ్ముడు వస్తాడట, భుజాన పిండిబస్తాతో. అంతకంటే పొడుగ్గా బియ్యం సంగతి రాసింది. అక్కడి విమానాశ్రయంలో పసుపుపచ్చ బియ్యం చూసి పెట్టె అంతా తిరగేశారట. మా అన్న పెట్టాడు అని ఎంత చెప్పినా నమ్మలేదట. వండింది. అయినవాళ్ళను పిలవాలి కదా, ఎవరున్నారు? ఇరుగుపొరుగును, అచ్చువేసేవాళ్ళను, తనను అందరికంటే ఎక్కువ తిట్టిన విమర్శకుణ్ణి, మాజీ మొగుళ్ళిద్దర్నీ పిలిచింది. విమర్శకుడు మారు వడ్డించుకున్నాడట.

ఈ కబురు చెప్పడానికి ఒక ఆదివారం రాజయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నవల ముచ్చట అతనికి పట్టలేదు.

"బియ్యం వండిందా? పురుగు వట్టలేదా?"

"వండింది. మొగుళ్ళిద్దరూ వచ్చి తిన్నారు."

"రెండోడు గూడనా?" రాజయ్య ఆశ్చర్యపోయాడు. కాసేపు వేళ్ళతో తొడ మీద తాళం వేసుకున్నాడు. "అట్లయితే వాణ్ణి గూడ పాటల పెడుత."

నేను లేవబోతుంటే ఆపాడు. "మూడో ఏడు మళ్ల ఒడిబియ్యం పోయాలె. రమ్మని రాయి పంతులమ్మా. ఆడబిడ్డ ఒడి ఖాళీగ ఉండద్దు. ఎంత దూరమైతేంది, అన్న ఎదురుజూస్తుండని రాయి."

రాశాను. ఉప్పూకారం ఏమీ కలపలేదు.